ఈనెపుల్ల

మంగళవారం పొద్దున్నే రావులపాలెం బస్సు దిగి
తువ్వాలులో చుట్టి తెచ్చాడాయన, పసిబిడ్డని తెచ్చినట్టు.
పద్దెనిమిదేళ్ల చింత. జానెడున్నర ఎత్తు.
ఆకులు పసుపు, రెమ్మలు వాలిపోయి.
"దాహమండీ దీనికి. ఎంత పోసినా తీరట్లేదు."

కడియపులంకలో ఈ మాట
వారానికి నాలుగుసార్లు వింటాను నేను.

ముందు ఆకు చూడను. ముక్కు పెడతాను.
కుండీ అడుగు కన్నం దగ్గర
పులిసిన కుడితి వాసన.
తర్వాత బొటనగోరుతో కొమ్మ మీద చిన్న గీత:
లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది,
గోధుమ రంగైతే ఆ కొమ్మకి నమస్కారం.
మూడు కొమ్మలు పచ్చ.
ఒకటి నమస్కారం.

వరదొచ్చిన ఏడు మా లంకలో
పదకొండు రోజులు నీళ్లలో నిలబడ్డ అరటితోట
ఎండకి వాడినట్టే వాడింది.
చెప్పులు చేతపట్టుకుని గట్టు మీద మా నాన్న
"చుట్టూ గోదారి, గొంతు తడారి" అన్నాడు.
వేరుకి ఊపిరాడకపోతే
నీళ్లలో ఉండీ తాగలేదు చెట్టు.
మునిగినదానికీ ఎండినదానికీ మొహం ఒక్కటే.
ఆ మొహం చూసే జనం ఇంకో చెంబు పోస్తారు.

కుండీ బోర్లించాను.
పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చే నల్లటి వేళ్లు.
కత్తెర మంటలో కాల్చి
తెల్లటి వేరు తగిలేదాకా కోశాను. ఆయన అటు తిరిగాడు.
కాండాన్ని కోసుకుపోయిన తీగని విప్పలేదు,
విప్పితే బెరడూ వస్తుంది,
ముక్కలు ముక్కలుగా తుంచాను.
"రోజూ ఎంత పోస్తున్నారు?"
"పొద్దున ఒక గ్లాసండీ. ఒట్టు."

ఒక గ్లాసుకి ఇంత కుళ్లు రాదు.
ఎక్కడో లెక్క తప్పింది. అడగలేదు.
ఇటుక ముక్కలు, గోదారి గరుకు ఇసుక, గుప్పెడు ఆకుమన్ను.
"నీడలో పెట్టండి. నెల దాటేదాకా ఎరువు మాటెత్తొద్దు,
జ్వరం మనిషికి బిరియానీ పెట్టం కదా."
బిల్లు మీద పేరు గుత్తుల భాస్కరం.

శుక్రవారం ఒకావిడ. చేతిలో ఫోను, ఫోనులో ఫొటో.
నీలం కుండీ, మూల పెచ్చు లేచినది.
నేను మనుషుల్ని మర్చిపోతాను గానీ కుండీల్ని మర్చిపోను.
"ఆకులన్నీ రాలిపోతున్నాయండీ,
ఎవరో మన్ను కూడా మార్చినట్టున్నారు."
ఎవరో అంది.
"మా ఆయనకి నీళ్లు పొయ్యాలని గుర్తుండదు.
మాకు మాటల్లేక రెండు నెలలు.
ఆయన పడుకున్నాక రాత్రిపూట నేనే ఒక గ్లాసు…"

లెక్క సరిపోయింది.

పిండినల్లికి వేపనూనె, కుంకుడు నురగ ఉన్నాయి నా దగ్గర.
ఎర్రనల్లైతే ఆకు అడుగున గట్టిగా నీళ్లు చిమ్ముతాను.
బోరునీళ్ల ఉప్పు మన్ను మీద తెల్లగా పేరుకుంటే
వాననీళ్లు పట్టి పొయ్యమంటాను.
దీనికి ఏ డబ్బా దించాలో తెలియక
మూలనున్న చీపురులోంచి ఒక ఈనె లాగాను.

"కుండీలో వేలెడు లోతు గుచ్చండి.
లాగి చూస్తే తడి తగిలిందా, గ్లాసు దించేయండి.
పొడిగా ఉంటేనే పొయ్యండి.
చూశాక మళ్లీ అదే కన్నంలో పెట్టండి,
అక్కడుందని అందరికీ కనబడాలి."
"అందరూ అంటే?"
నేను పక్క అడీనియం వైపు తిరిగాను,
దానికి మొదట్లో మెత్తబడుతోంది.
"డబ్బులెంతండీ?"
"ఈనెకి డబ్బులేంటమ్మా."
"అయినా చిట్టీ రాయండి. గుత్తుల అని రాస్తే చాలు."

యాభై రోజులకి ఒక ఫొటో వచ్చింది. మాట లేదు, పేరు లేదు.
నంబరు ఆయనదో ఆవిడదో నేను రాసుకోలేదు.
మూడు కొమ్మల మీదా లేత చిగురు,
నోట్లో వేసుకుంటే పుల్లగా ఉండేటంత లేత.
నాలుగోది ఎండుకర్రగా అలాగే ఉంచారు.
మంచిదే, తొందరపడి కొయ్యలేదు.

ఫొటో పెద్దది చేసి చూశాను.
మన్నులో రెండు ఈనెపుల్లలు.
ఒకటి అటు అంచున, ఒకటి ఇటు అంచున.
ఎవరి పుల్ల వారిదే కాబోలు.

చింతకి మాత్రం ఫర్వాలేదు.