గంటకి ఎన్ని మిల్లీమీటర్లు

ఊదా మూతది కణాల లెక్కకి,
పసుపు మూతది సీఆర్‌పీకి,
నల్ల మూతది మాత్రం ఊరికే నిలబెట్టడానికి.
రెడ్‌హిల్స్‌లో మా ల్యాబు కిటికీ పక్కన
సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి
నిటారుగా నిలబెట్టి
గంటసేపు దాన్ని ముట్టుకోను.
అంతే పరీక్ష.
ఎరుపు ఎంత కిందికి జారిందో,
పైన తేరిన పసుపునీళ్లు ఎన్ని గీతలో
చూసి రాయడమే.

మల్లేపల్లిలో తందూరు ముందు
ముప్పై ఏడేళ్లు నించున్న ఖుర్షీద్ మియాకి
అన్నవాహికలో గడ్డ.
ఆయన కాల్చిన రొట్టె
ఆయన గొంతే దిగదిప్పుడు.
మూడు వారాలకోసారి చెయ్యి చాపి అదే ప్రశ్న:
"మంట ఎంతుంది బేటీ, ఈరోజు?"

వాపు అని మేం అంటాం.
వాపైతే కంటికి కనపడాలి కదా, అంటాడాయన.

తొలిసారి సీఆర్‌పీ అరవై రెండు.
ఐదు లోపుండాలని నోరు జారాను.
ఆయన నవ్వాడు.
"మా భట్టీకి థర్మామీటర్ లేదమ్మా.
మోచేతి దాకా చెయ్యి పెట్టి
మూడు లెక్కపెడతా.
రెండుకే చెయ్యి వెనక్కొస్తే రొట్టె మాడుతుంది.
ఐదు దాకా ఆగిందా,
గోడకి అంటదు, బూడిదలో పడుతుంది."

ఎరుపెందుకు జారుతుందని అడిగితే
లంచ్ టైంలో, ఇన్‌ఛార్జి లేనప్పుడు
మైక్రోస్కోపులో చూపించాను.
ఒంట్లో మంట ఉంటే ఎర్రకణాలు విడిగా తిరగవు,
ఒకదాని మీదొకటి దొంతరగా అతుక్కుంటాయి.
దొంతర బరువు. తొందరగా మునుగుతుంది.
చాలాసేపు కన్ను తియ్యలేదు.
"దావత్ ఆర్డరు లెక్కుంది," అన్నాడు,
"యాభై రొట్టెలు, గుడ్డలో చుట్టకముందు."

నలభై. ఇరవై తొమ్మిది. ఇరవై ఆరు.
మృగశిర దాటిన వారం
నూట నలభై ఒకటి.
మళ్లీ చేశాను.
నూట ముప్పై తొమ్మిది.
స్కాన్ రాశారు.
భార్య జరీనా వరండా గోడకి ఆనుకుని
తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది.
ఈ అంకెకి ఒక దుర్గుణం:
ఇల్లు కాలుతోందని అరుస్తుంది గానీ
ఏ ఇల్లో చెప్పదు.

ఇంకో నమూనాకి ఎడమ చెయ్యి అడిగితే ఇవ్వలేదు.
ఆ ఉక్కలో ఫుల్ చేతుల చొక్కా.
గుండీ నేనే విప్పి పైకి మడిచాను.
మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి,
చీము పట్టి,
మీద పూసిన టూత్‌పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంది.

"రాత్రిళ్లు పోతున్నా, రెండు గంటలే.
కొత్త పోరడికి లెక్కపెట్టడం వస్తలేదు."
కాసేపాగి, చాలా మెల్లగా,
"నాకూ వస్తలేదు.
పది దాకా పెట్టినా చేతికి తెలవలేదు."

మందుకి వేళ్లు మొద్దుబారతాయని
ఎవరూ చెప్పినట్టు లేదు.
చెప్పే ఉంటారు, ఏదో కాగితం మీద.
మొద్దుబారిన దాన్ని కొలవడానికి
ఏ రంగు మూతా లేదు మా దగ్గర.

గాయం మానింది. అంకె ముప్పై నాలుగు.
గడ్డ పెరగలేదు, తగ్గలేదు.

ఈరోజు వస్తూ వస్తూ
పేపర్లో చుట్టిన రెండు రొట్టెలు బల్ల మీద పెట్టాడు,
పోరడు కాల్చినవి.
"వేడిగున్నాయా చూడు బేటీ."
గ్లవుజు తీసి అరచెయ్యి ఆనించాను.
ఉన్నాయి, అన్నాను.
"ఎంత?"

కిటికీ దగ్గర ఆయన గొట్టంలో
ఎరుపు జారడం మొదలైంది.
పదకొండూ ఇరవైకి పెట్టాను.
పన్నెండూ ఇరవై దాకా
నన్నేమీ అడగొద్దన్నాను.
సరేనని స్టూలు లాక్కుని
పక్కనే కూర్చున్నాడు,
పెదాలు కదుపుతూ,
ఒకటి, రెండు, మూడు.