అక్షరాల కొరత
(లేడెన్ అచ్చుకూటంలో, కాలవ గడ్డకట్టిన ఒక జనవరి)

అయ్యా,
మీ పుస్తకం పదకొండో పేజీలో
నా దగ్గర ‘యు’లు అయిపోయాయి.

నాకు లాటిన్ రాదు.
సీసం అక్షరాల్ని తలకిందులుగా చదవడమొక్కటే వచ్చు.
ప్రూఫులు దిద్దే ముసలి ఎవర్హార్ట్‌ని అడిగాను,
ఏం రాస్తాడండీ ఈయన, ఇన్ని ‘యు’లు మింగుతూ?
కళ్లజోడు చొక్కాకి తుడుచుకుని చెప్పాడు:
వొలుంటాస్, అంటే సంకల్పం.
కుపిడిటాస్, అంటే కోరిక.
వాక్యానికొకటి తగులుతోందట.

సరే. కోరిక ముదిరిన చోట ఏదీ చాలదని
మా చేపల వీధిలో అందరికీ తెలుసు.
‘ఎన్’లు తిరగేసి దిగ్గొట్టాను.
దూరం నుంచి అచ్చం ‘యు’లాగే ఉంటుంది.
మరీ దగ్గరికొచ్చి చూసేవాడికే
మీ సంకల్పం నా చేతిలో
కాస్త తలకిందులైందని తెలుస్తుంది.

ఎస్సె అని ఇంకో మాట ఉంది, ఉండటం అట.
దానికి కావలసినవి గడుల నిండా ఉన్నాయి.
ఉండటానికి ఖర్చు తక్కువ,
కోరుకోవడానికే చాలడం లేదు.

రేపు మీరొస్తే నాకు నోరు పెగలదు,
ఇప్పుడే అడిగేస్తాను.
ఏ గడిలో ఏ అక్షరమో చెప్పమంటే తడుముకుంటాను.
చెయ్యి తడుముకోదు.
కావాలని నేననుకునేలోపే
వేళ్ల మధ్య చల్లగా సీసం.
ఎవరు ముందు, నేనా అదా?

నిన్న రాత్రి బార్లీ జావ కాచి
బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను.
ప్లేగు ఏడాదే హిల్లెగొండ పోయింది.
ఆ సంగతి నాకు తెలుసు, చేతికి తెలియదు.
రెండో గిన్నె తీసి లోపల పెట్టొచ్చు.
పెట్టలేదు.
ఆ పెట్టకపోవడం మాత్రం
నేనే చేశాను.
అనుకుంటున్నాను.

అచ్చయ్యాక పేజీ విప్పేస్తాం.
బూడిద నీళ్లతో సిరా కడిగి
కోరికని విడగొట్టి
దేని గడిలో దాన్ని పడేస్తాం.
ఎల్లుండి అవే అక్షరాలు
హెర్రింగ్ పీపాల ధరల పట్టీ అవుతాయి.

తిరగేసిన ‘ఎన్’ వచ్చినప్పుడే,
ఇన్ని పేజీలు ‘యు’గా బతికినదాన్ని
ఏ గడిలో వెయ్యాలో తెలియక
చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది.

అప్పుడు నేను దాని వంక చూస్తాను.