ఐదు మైక్రాన్లు

హెబ్బాళ క్యాంపస్ సంపులో
గొల్లభామ ఒకటి దూకి చచ్చిందట.
దాని కడుపు చీల్చుకొని ఇది వచ్చిందట:
జానెడున్నర నల్లదారం,
తనను తానే ముడేసుకుంటూ, విప్పుకుంటూ.

"గుర్రం వెంట్రుక సార్, నీళ్ళలో పడితే ప్రాణమొస్తాది,
మా అవ్వ చెప్పేది."
తోటమాలి మారప్ప సీసా చేతికిచ్చాడు.
నేను కాదనలేదు,
మూత మీద తేదీ రాసుకున్నాను.
తోక చివర రెండు పాయలు. మగదే.

ఆల్కహాలు, జైలీను, ఆపైన మైనం దిమ్మలో ఒక రాత్రి.
పదకొండేళ్ళుగా నా పని ఇదే,
ప్రాణమున్నదాన్ని ఐదు మైక్రాన్ల మందాన తరగడం.
హిందూపురంలో చెబితే
కూరగాయలనుకుంటారు.

చక్రం తిప్పితే మైనం రిబ్బను జారింది.
గోరువెచ్చటి నీళ్ళ మీద ముడతలు విప్పుకుని
గాజుపలక ఎక్కింది.
ముందు నీలం. తర్వాత గులాబీ.

బయట తోలు, సైకిలు టైరంత మొండిది.
దాని కింద కండరాలన్నీ నిలువునే,
అడ్డంగా ఒక్క పోగు లేదు.
పేగు ఉంది, పేరుకి.
నోటితో ఒక్క మెతుకు ఎరగని బతుకు,
చింతగింజ పొట్టులా ఓ వార ముడుచుకుంది.
ఆ పైన
రెండు గొట్టాలు,
ఒళ్ళు పొడవునా జంటకాలువలు.

నిండుగా.

ఊదారంగు సన్నపుల్లలు, ఒకదాని మీద ఒకటి,
మధ్యలో సూది దూర్చే సందు లేదు.
లెక్కపెట్టబోయి నలభై దగ్గర ఆగాను.

బల్ల కింద సంచిలో
టిఫిన్ డబ్బా అడుగున మల్లేశ్వరం ల్యాబు కాగితం.
అక్కడా ఎవడో నాలాగే ఒంటికన్ను మూసి
వెతికే ఉంటాడు పాపం, మూడు పలకలు మార్చి.
చివరికి ఒకే అంకె వేశాడు,
చాలా గుండ్రంగా.

కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమంది.
క్షణం చీకటి, మళ్ళీ అవే పుల్లలు,
ఒక్కటీ తగ్గలేదు.

"ఏముంది సార్ లోపల?" గుమ్మంలో మారప్ప.
"చానా ఉంది" అన్నాను.
రిజిస్టరులో రాశాను: మగ. పక్వం.
చివరి గడి ఖాళీగానే వదిలాను.

హైమ ఫోను.
"ఇంకా తరుగుతూనే ఉన్నావా?
బీన్స్ తెచ్చాను, అవీ నువ్వే తరుగు."
నవ్వుతోంది.
వస్తున్నా అన్నాను,
కన్ను ఇంకా తీయకుండానే.