గోడకవతల

జూన్ పన్నెండు.
సీతాఫల్‌మండి రైలు పట్టాల పక్కన మా బడి
తడి సున్నం వాసనతో తాళం తీసింది.
కొత్త రిజిస్టర్‌లో ముప్పై నాలుగు పేర్లు.
ఏ పేరుకి ఏ ముఖమో ఇంకా తెలియదు.

పాతది బీరువాలో పై అరలో పెట్టేశాను.
పెట్టేశానన్న మాటే గానీ
హాజరు పిలుస్తుంటే నోరు దాని వెంటే పోయింది.
"రుఖయ్యా" అన్నాను.
ఇక్కడెవరూ పలకలేదు.
పైకప్పుదాకా లేవని గోడకవతల,
రెండో తరగతిలోంచి
"ప్రెజెంట్ టీచర్!" అని ఒక కేక.
అటువైపంతా నవ్వులు.
ఇటువైపు కొత్తవాళ్ళు ఏడుపు మధ్యలో ఆపి
గోడకేసి చూశారు.

కిటికీ పక్క పాత చోట్లో
ఎలీషా వచ్చి కూర్చున్నాడు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని.
పోయినేడు వీడు 'అ'ని అడ్డంగా పడుకోబెట్టి రాసేవాడు.
ఎందుకురా అంటే
దానికి నిద్రొచ్చింది టీచర్ అన్నాడు.
"నువ్వు పాసయ్యావు నాన్నా, పక్క గదికి పోవాలి."
"పాసైతే ఎల్లిపోవాల్నా?"

ట్రైనింగ్‌లో రెండేళ్ళు చదివాను.
ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు.
చెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడిపించాను.
ఏడడుగులు. వాడు వెనక్కి చూశాడో లేదో
నేను చూడలేదు.

బోర్డు మీద కుడి మూల నా పేరుంటుంది,
ఏడాదంతా చెరపను.
వాళ్ళకి అదొక బొమ్మ, అంతే.
ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కిచిడీ తిన్న చేతుల్తో,
బిందుమాధవ్ దాని ముందు నిలబడి
స... త్య... వే... ణి... అని కూడబలుక్కుని
నావైపు తిరిగి, నోరు తెరిచి,
"టీచర్, నీక్కూడా పేరుందా!"

నా దగ్గర చదువంటే ఇంతే.
నా పేరు చదవడం వచ్చేసరికి
వెళ్ళిపోయే వేళౌతుంది.

లంచ్‌లో ఫరీదా మేడమ్ దగ్గరికి వెళ్ళాను.
చాలా చెప్పాలని.
దిల్‌మాయది ఎడమచేతి రాత, మార్చొద్దని,
లోకేశ్వర్ నీళ్ళకంటే నీళ్ళకి కాదు,
అంగన్‌వాడీలో చెల్లెల్ని చూసి రావడానికని,
రుఖయ్యా లెక్కపెడితే ఏడు ఎగిరిపోతుందని,
అది తప్పు కాదు, తొందరని.
ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.
నోట్లోంచి ఒక్కటే వచ్చింది:
"ఎట్లున్నారు మా పిల్లలు?"
"మన పిల్లలా? మంచిగున్నారు" అంటూ
ఖుబానీ ఒకటి నా చేతిలో పెట్టింది.

పదకొండేళ్ళుగా అక్షరాలు దిద్దిస్తున్నాను.
మా, మన.
ఈ రెండింటికీ తేడా ఎవరో దిద్దిస్తే గానీ
నాకు తెలియలేదు.
తెలిసినా, నిజం చెప్తున్నా,
ఆ పండు కాసేపు గొంతు దిగలేదు.

రెండున్నరకి ఎంఎంటీఎస్ వచ్చింది.
అది పోయేదాకా పాఠం ఆగాలి,
నా మాట నాకే వినపడదు.
కొత్తవాళ్ళు బెదిరి చెవులు మూసుకున్నారు.
గోడకవతల, పాత అలవాటు,
పెట్టెలు లెక్కపెడుతున్నారు:
ఒకటి, రెండు, మూడు...
పొద్దుట్నుంచీ నా చీరకుచ్చిళ్ళు వదలని
కొత్తపిల్ల, పేరింకా నోటికి రాలేదు,
ఒక చెవి మీది చెయ్యి తీసి
వాళ్ళతో గొంతు కలిపింది: ఐదు, ఆరు,
ఎనిమిది...

"ఏడు" అన్నాను నేను, మెల్లగా,
సుద్దముక్క చేతిలోనే ఉంది.
రైలు చప్పుడులో
ఎవరికీ వినపడలేదు.