దారం రంగు

జహ్రాలో ఆ పొద్దు మొదటి కేసు.
బల్ల మీద లింబాద్రి, టైల్స్ మేస్త్రీ, కోరుట్ల మనిషి.
పద్నాలుగేళ్లుగా
ఊరివాళ్ల హాళ్లన్నీ మోకాళ్ల మీదే దాటినవాడు.
తెర మీద చిరిగిన నెలవంక.

లోపల్లోపలే బిగించే పరికరం ఉంది,
ఒక్కోటి అతని నెల జీతం.
మూడు కావాలి. కంపెనీ బీమా ఒకటికే ఒప్పుకుంది.
డాక్టర్ ఏమీ అనలేదు,
పాతకాలం పొడుగు సూదులు అడిగాడు.
లోపల్నుంచి బయటికి.

మోకాలి వెనక గాటులో
గరిటె అడ్డుపెట్టి నిలబడ్డాను.
గరిటెకవతల నెత్తురు నాళం, నరం.
సూది మొన టక్కుమన్నప్పుడల్లా
పట్టి లాగాను. ఒకటి. రెండు.

"పడుకోబెట్టొద్దు, నిలువు కుట్టే" అన్నాడు.
నాకు చెప్పాలా,
మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినదాన్ని.
పోగు వెంట పోయే కుట్టు పోగులోంచే జారిపోతుంది.
పోగుల్ని కట్టగా చుట్టి పట్టిందే నిలుస్తుంది.

ఆరు కుట్లు.

మెలకువొచ్చాక
నాలుగు నెలలు గొంతుక్కూర్చోవద్దన్నాను.
విన్నాడో లేదో.
"సిస్టర్, దారం ఏ రంగుది?"
నీలం.
"సల్వాల ఒక బాత్రూం సగంల ఆగింది,
గదీ నీలమే."