ఒంటిచేతి స్వెట్టరు

కార్తీకం దాటినాక హుబ్లీ ప్యాసింజర్లో
మూటలతో దిగేవాళ్లు.
స్టేషన్ రోడ్డు గోడకి తాడు కట్టి
గుంతకల్లుకి లేని చలిని
రంగురంగులుగా ఆరేసేవాళ్లు.

అందర్లో ఒకాయప్ప పేరు ఫుంచోక్.
నోరు తిరగక మేము పుంజు అంటిమి.
నవ్వినాడు. అదే పేరైపాయ.

ఎదురుగ్గానే మా దుకాణం.
నాయన దూది ఏకుతాంటే
అక్క దస్తగిరమ్మ పరుపులు కుడతాండె.
మీసాల్లో దూది ఇరుక్కున్న నాయన
"చైనావాడు, నమ్మగూడదు" అనేవాడు.

ఆ ఒక్క మాటకే ఆయప్ప నవ్వడు.
ఒకసారి గుండీ తీసి భుజం చూపిచ్చినాడు నాకి.
డెబ్బయ్యొకటిలో, మీ దేశం కోసరమే,
చిట్టగాంగు కొండల్లో, గుండు దూరి పోయిన తావు.
మెడలేదీ అంటే
"మేము ఆడికి పోనే లేదంట.
కాగితం అట్ల చెప్తాది" అన్నాడు.

నాకి అర్థం కాల్యా.
అక్కకి అయ్యింది.

గురువారం నాయన దర్గాకి పోతే
ఉగ్గాణి గిన్నె ఆ పక్కకి,
ఉన్ని ఉండ ఈ పక్కకి మోసింది నేనే.
"దూదికి విత్తనముంటాది, దీనికేముంటాది?"
"దీనికి గొర్రె ఉంటాది."
అక్క నవ్వు టేషన్ దాకా పోయింది.

నాయనకి ఎవరు చెప్పినారని
వీధంతా అడిగినారు.
నేనే.
బళ్లో నన్ను
పుంజు బామ్మర్ది అన్నారు.
అంతే.

పీర్లపండగకి తప్ప కలవని వీధులు
ఆ రాత్రి కలిసినాయి.
ఆయప్ప తిరిగి చెయ్యెత్తల్యా.
కొట్టేది బాగా తెలిసినోడు.
మడమలు దగ్గర పెట్టి
హాజరు పలికినట్టు నిలబడినాడు.

తెల్లారి ప్యాసింజర్ టైముకే వచ్చింది.
ఎప్పుడూ రాదు.

అక్కని ఆలూరికిచ్చినారు.
మళ్లా చలికాలం వాళ్లొచ్చినారు,
తాడు కట్టినారు. ఆయప్ప రాల్యా.
అడిగేదానికి నాకి మొకం లేదు.

పోయినేడు అక్క పోయింది.
ట్రంకుపెట్టె అడుగున ఇటుకరంగు స్వెట్టరు.
గోడమీద అమ్మే మిషన్ సరుకు కాదు, చేత్తో అల్లింది.
ఎడమచెయ్యి అల్లకముందే ఆగిపోయింది.
భుజం కాడ ఉన్ని జారకుండా
పరుపు దారంతో బిగిచ్చినారు.
ఆ ముడి నాకి తెలుసు.

కుడి మోచేతి కాడ అరిగి
అవతల నా వేళ్లు కనపడతాండాయి.

ఆలూర్లో
అంత చలి యాడుంటాది?