ఉప్పు లెక్క

అరవై కిలోమీటర్ల మట్టిదారి దాటి
విరామపు గేటులోకి వచ్చింది గొలొందీనా.
మార్చి ఎండ. పాసో దెల్ సౌసె జనమంతా
కంచె మీద కూర్చుని మాతే పీలుస్తున్నారు.

బకెట్లో మూతి పెట్టింది.
పెదవులు కదిపింది. గొంతు కదల్లేదు.
"తాగుతోంది, తాగుతోంది" అన్నారెవరో.
నీళ్ల అంచు మాత్రం
నేను గోరుతో గీసిన గీత దగ్గరే ఉంది.

డాక్టర్ నెలీదా ఎచెవెర్రి
మెడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో లాగి వదిలింది.
మడత అలాగే నిలబడిపోయింది,
ఇస్త్రీ ఎరగని కాలర్‌లా.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఐదుకి, ఇష్టం లేనట్టు, పడుకుంది.

పై పెదవి ఎత్తి చిగురు నొక్కింది.
తెల్లబడ్డ వేలిముద్రలోకి ఎరుపు
ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చింది.
డొక్కకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.
గుర్రం పొట్టలో ఎప్పుడూ
ఎవరో సామాను సర్దుతూనే ఉంటారు.
ఇవాళ తాళం వేసిన ఇల్లు.

"ఆఖరిసారి ఎక్కడ తాగింది?"
ఉబాల్దో మామ నీళ్లు నమిలాడు.
గొలొందీనా ఆ మాత్రం కూడా నమల్లేదు.

అప్పుడు నాకు పదిహేడు.
ఇంత ఎండలో పరిగెత్తిందానికి
దాహం వేయకపోవడం ఏమిటని అడిగాను.
సూది కోసం మెడ మీద వెంట్రుకలు గొరుగుతూనే చెప్పింది:
"మన చెమటలో నీళ్లెక్కువ. దీని చెమటలో సముద్రం.
రక్తంలో ఉప్పు ముదిరితే మోగే గంట, దాహం.
ఇక్కడ నీళ్లు పోతూ పోతూ
గంట కొట్టేవాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాయి."
అని, నన్ను పైనుంచి కిందికి చూసింది.
"పొడుగ్గా ఉన్నావు. బండెక్కు."

అలా నేను స్తంభాన్నయ్యాను.
పికప్ వెనక నిలబడి
ఐదు లీటర్ల సెలైన్ సంచీ తల మీదకెత్తి పట్టుకున్నాను.
ఒకటి అయింది. ఇంకొకటి. ఇంకొకటి.
గుండె కొట్టుకున్నప్పుడల్లా
దాని డొక్క ఎగిరిపడుతోంది, ఎక్కిళ్లలా.
దానికి కాల్షియం, చుక్కచుక్కగా.
"తొందరపడితే గుండె అలుగుతుంది" అంది డాక్టరు,
గడియారం వైపు కాదు, గుర్రం వైపు చూస్తూ.

మైకులో గెలిచినవాడి పేరు వినబడింది.
బాకా ఊదారు. మాంసం కాలుతున్న పొగ
మా మీదుగా వెళ్లిపోయింది.
ఉబాల్దో మామ జీను కింది నంబరు గుడ్డ తీసి
నాలుగు మడతలు పెట్టి
జేబులో పట్టకపోతే
ఐదో మడత పెట్టాడు.

ఏడో సంచీకి నా భుజాలు నావి కావు.
చీకటి పడింది. బండి లైట్లలో
ముగ్గురం ఒకే ఒకదాని కోసం కాపలా కాశాం.
నవ్వకండి. ఉచ్చ కోసం.
తొమ్మిది దాటాక వెనక్కాళ్లు ఎడం చేసి
మాడిన కాఫీ రంగులో కాసింత పోసింది.
పదకొండుకి మళ్లీ. ఈసారి గడ్డి రంగు.
టార్చి పట్టుకున్న మామ చేయి వణికి
వెలుగంతా చెట్ల మీద తిరిగింది.
అప్పుడే లోపల్నించి
స్టెతస్కోపు లేకుండానే వినబడింది
ఎవరో సామాను జరిపిన చప్పుడు.

ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు ముందుకు తోశాను.
గొంతులో ఉండ కదిలింది, కిందికి జారింది.
నా గోటి గీత బయటపడింది,
తర్వాత బకెట్ అడుగు.

దించిన చేతులు దించినట్టే పడి ఉంటే
తడి మూతితో వచ్చి
మోచేతి దాకా ఎండిన నా చెమటని
గరుకు నాలుకతో, తీరిగ్గా, నాకేసింది.
డాక్టరు ఖాళీ సంచీలు లెక్కపెట్టుకుంటోంది.
ఎనిమిదా తొమ్మిదా అని నన్నడిగింది. నాకు తెలీదు.

నా ఉప్పు తిన్న గుర్రమని
ఊరంతా చెప్పుకున్నాను ఆ ఏడు.
చలికాలంలో, డెక్క శుభ్రం చేస్తుంటే,
మోకాలి మీద తన్నింది.